పేరొకచోట, పెట్టె వేరొకచోట: ఎలక్ట్రానిక్ తపాలాలో మారుపేర్ల చరిత్ర

ఉత్తరమునకు చిరునామా ప్రాణము. లోపల ఎంత ముఖ్యమైన సంగతి వ్రాసినను, పైన చిరునామా సరిగా లేనిచో ఆ ఉత్తరము చేరవలసిన చోటికి చేరదు. ఐతే చిరునామా ఉన్నంతమాత్రమున పని ముగియదు. ఊరు మారిన మనిషికి పాత చిరునామాపై ఉత్తరము వచ్చినపుడు, పోస్టుమాను దానిని కొట్టివేసి క్రొత్త ఊరి పేరు వ్రాసి త్రిప్పి పంపును. “ప్రధానోపాధ్యాయులు, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల” అని వ్రాసిన ఉత్తరము, ఆనాడు ఆ పదవిలో ఎవరున్నారో వారికే అందును. ఈ రెండింటిలోను ఒక సూక్ష్మము ఇమిడియున్నది. ఉత్తరముపై వ్రాసిన పేరు వేరు. ఉత్తరము పడవలసిన పెట్టె వేరు. ఈ రెంటిని కలుపుటయే తపాలావారి నేర్పు.

కంప్యూటర్ల మధ్య నడచు ఎలక్ట్రానిక్ తపాలాకును, అనగా ఈ-మెయిలునకును, ఈ నేర్పు కావలెను. కాని పోస్టుమానునకు ఊరు తెలియును, మనుషులు తెలియుదురు. యంత్రమునకు పట్టికలును సూత్రములును తప్ప మరేమియు తెలియదు. ఆ పట్టికలలోని పేర్లను మారుపేర్లనియు, చిరునామాలను తిరిగి వ్రాయు విధులను మార్పు సూత్రములనియు ఈ వ్యాసమున పిలుతము. ఇవి ఎట్లు పుట్టినవో, ఎట్టి ప్రమాదములను తెచ్చినవో, వాటినుండి మనము నేర్చుకొనవలసినదేమో పరిశీలింతము.

ఒక గుర్తు పుట్టుక

అమెరికా రక్షణ శాఖవారి ఆర్పానెట్ అను కంప్యూటర్ల వల 1969లో పని ప్రారంభించినది. అప్పటికే ఒకే కంప్యూటరును పంచుకొనువారు ఒకరికొకరు సందేశములు వ్రాసి ఉంచుకొను వాడుక ఉండెను. ఒక యంత్రమునుండి వేరొక యంత్రమునకు సందేశము పంపు విధానమును 1971లో రే టామ్లిన్‌సన్ అను ఇంజనీరు రూపొందించెను. అతడు మసాచుసెట్స్ రాష్ట్రపు కేంబ్రిడ్జిలోని బి.బి.ఎన్. సంస్థలో పనిచేయుచుండెను. మొదటి సందేశము నడచిన రెండు యంత్రములును ఒకే గదిలో ప్రక్కప్రక్కనే ఉండెను. కాని వాటి మధ్య సంబంధము ఆర్పానెట్ ద్వారానే.

మనిషి పేరును యంత్రపు పేరును వేరుచేయుటకు ఏదైన ఒక గుర్తు కావలసివచ్చినది. మనుషుల పేర్లలో ఎన్నడును రాని గుర్తు అయినచో యంత్రము పొరబడదు. అందుచే టామ్లిన్‌సన్ @ అను గుర్తును ఎన్నుకొనెను. రాము@గుంటూరు అనగా “గుంటూరు అను యంత్రముపై నున్న రాము” అని అర్థము. ఇది ఎంతయు తేలికయైన పద్ధతి. ఐనను ఇందొక లోపము కలదు. ఇది మనిషిని యంత్రమునకు కట్టివేయును. రాము గుంటూరు యంత్రమును విడిచి వేరొక యంత్రమునకు పోయినచో, అతని చిరునామా తెలిసిన వారందరును దానిని మార్చి వ్రాసికొనవలెను.

మూడు వలలు, మూడు వాడుకలు

ఈ చిక్కు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలో బాగుగా ముదిరినది. 1970 దశాబ్దపు చివర అక్కడ మూడు వలలు ఒక్కసారిగా నడచుచుండెను. మొదటిది ఆర్పానెట్, అందు రాము@గుంటూరు అని వ్రాయుదురు. రెండవది బెల్ ప్రయోగశాలలలో పుట్టిన యు.యు.సి.పి.; అందు యంత్రములు టెలిఫోను తీగలపై ఒకదానినొకటి పిలుచుకొని సందేశములు అందించుకొనును. దారిలోని ప్రతి మజిలీని పంపువాడే చెప్పవలెను గనుక, గుంటూరు!తెనాలి!రాము అని వ్రాయుదురు. అనగా “ముందు గుంటూరునకు, అక్కడనుండి తెనాలికి, అక్కడ రామునకు” అని. మూడవది విశ్వవిద్యాలయపు సొంత వల బర్క్‌నెట్. అందు తెనాలి:రాము అని వ్రాయుదురు.

ఆర్పానెట్ సంబంధము అక్కడ ఇంగ్రెస్ అను పరిశోధనా బృందపు యంత్రమునకు మాత్రమే ఉండెను. తక్కిన శాఖలవారును ఆ యంత్రముపై తమకు చోటు కావలెనని అడుగసాగిరి. ఆ బృందములో పనిచేయుచున్న ఎరిక్ ఆల్‌మన్ అను యువకుడు, వారికి నిజముగా కావలసినది యంత్రము కాదు, ఉత్తరములు మాత్రమేయని గ్రహించెను. ఒక వలనుండి వచ్చిన ఉత్తరమును చిరునామా మార్చి వేరొక వలలోనికి పంపగల ప్రోగ్రామును వ్రాసెను. అదియే 1979లో వెలువడిన డెలివర్‌మెయిల్. దానిలోని మారుపేర్ల పట్టికలో “ఈ పేరునకు వచ్చిన ఉత్తరమును ఆ చోటికి పంపుము” అని వ్రాసియుంచినచో చాలును; చిరునామా మనిషిదే అయియుండును, పెట్టె ఎక్కడనున్నను సరే.

కాని చిరునామాలను చదువు పద్ధతి డెలివర్‌మెయిల్ ప్రోగ్రాములోనే ఇమిడియుండెను. వలలో ఏ మార్పు వచ్చినను ప్రోగ్రామును తిరిగి వ్రాసి తయారుచేయవలసివచ్చెడిది. ఆల్‌మన్ తరువాత వ్రాసిన సెండ్‌మెయిల్ 1983లో బర్క్‌లీ యూనిక్స్‌తోపాటు ప్రచారములోనికి వచ్చినది. ఇందు చదువు పద్ధతిని ప్రోగ్రామునుండి విడదీసి, ఒక ప్రత్యేకమైన ఫైలులో సూత్రముల రూపమున ఉంచెను. ప్రోగ్రాము ప్రారంభమైనపుడెల్ల ఆ సూత్రములను చదువుకొనును. యంత్రమునకు సులువుగా ఉండుటకే ఆ సూత్రముల భాషను కూర్చినారు గాని మనిషికి సులువుగా ఉండుటకు కాదు. ఈ మాటను దాని కరదీపికయే ఒప్పుకొనినది.

సూత్రము ఎట్లు పనిచేయును?

సూత్రమునకు రెండు ప్రక్కలు కలవు. ఎడమ ప్రక్క “చిరునామా ఈ ఆకారములో ఉన్నచో” అనియు, కుడి ప్రక్క “దానిని ఇట్లు తిరిగి వ్రాయుము” అనియు చెప్పును. యంత్రము ముందుగా చిరునామాను @, ! వంటి గుర్తుల వద్ద ముక్కలుగా విడగొట్టును. $- అనగా సరిగా ఒక్క ముక్క. $+ అనగా ఒకటిగాని అంతకు మించిగాని ముక్కలు. కుడి ప్రక్కనున్న $1, $2 అనునవి ఎడమ ప్రక్క దొరికిన మొదటి, రెండవ భాగములు. ఒక సరళమైన ఉదాహరణ చూడుడు:

$-!$+ → $2@$1

తెనాలి!రాము అను చిరునామాకు ఈ సూత్రము అన్వయించినచో $1 తెనాలి, $2 రాము అగును, ఫలితము రాము@తెనాలి. ఒక వల వాడుక వేరొక వల వాడుకలోనికి మారినది.

ఇక గుంటూరు!తెనాలి!రాము అను చిరునామాను తీసికొందము. $1 గుంటూరు, $2 తెనాలి!రాము. ఫలితము తెనాలి!రాము@గుంటూరు. ఇంతవరకు బాగుగనే ఉన్నది. కాని సెండ్‌మెయిల్ ఒక సూత్రమును అది అన్వయించినంతసేపు మరల మరల ప్రయోగించును. ఈ ఫలితములో ఇంకను ! గుర్తు ఉన్నది గదా! కావున రెండవమారు $1 తెనాలి, $2 రాము@గుంటూరు అగును, ఫలితము రాము@గుంటూరు@తెనాలి! రెండు @ గుర్తులు గల ఈ చిరునామాకు అర్థమే లేదు. సూత్రము తప్పు కాదు. దానిని ఒక్కసారికే పరిమితము చేయకపోవుట తప్పు. కుడి ప్రక్క మొదట $: అను గుర్తు ఉంచినచో సూత్రము ఒక్కమారే పనిచేయును. ఉపాధ్యాయులు ఈ ఉదాహరణను నల్లబల్లపై వ్రాసి విద్యార్థులచే చేయించినచో, కంప్యూటరు చెప్పినది చేయునే గాని తలచినది చేయదని వారికి చక్కగా బోధపడును.

తెనాలి!రాము@గుంటూరు అను మిశ్రమ చిరునామా వచ్చినచో మరొక చిక్కు. @ గుర్తునకు ప్రాధాన్యమిచ్చువారు ఉత్తరమును ముందు గుంటూరునకు పంపుదురు. ! గుర్తునకు ప్రాధాన్యమిచ్చువారు ముందు తెనాలికి పంపుదురు. ఒకే పంక్తికి రెండు అర్థములు. రెండును వారి వారి వాడుకలో న్యాయమైనవే. 1982 ఆగస్టులో డేవిడ్ క్రాకర్ కూర్చిన ప్రమాణపత్రము చిరునామా స్వరూపమును, జాన్ పోస్టెల్ కూర్చిన ప్రమాణపత్రము ఉత్తరములు అందించుకొను పద్ధతిని నిర్ణయించినవి. క్రమముగా @ గుర్తు గెలిచినది.

ఐనను తగవు వెంటనే తీరలేదు. బ్రిటను విశ్వవిద్యాలయముల వలయైన జానెట్‌లో చిరునామాను పెద్ద భాగముతో మొదలిడి చిన్న భాగముతో ముగించెడివారు. దేశము ముందు, శాఖ చివర. ఇతర దేశములలో దీనికి విపర్యయము. కంప్యూటర్ సైన్సు శాఖలను సూచించు “సి.ఎస్.” అను పొడి అక్షరములు బ్రిటిషు చిరునామాల చివర వచ్చెడివి. చెకొస్లొవేకియాకు 1990లో అవే అక్షరములు దేశపు గుర్తుగా లభించినవి. ఇక చివరనున్న “సి.ఎస్.” ఒక శాఖయా, ఒక దేశమా? దీనిని తేల్చు భారము రెండు వలల నడుమనున్న సర్వర్ల సూత్రములపై పడినది.

పేరునకు స్వాతంత్ర్యము

1983లో పాల్ మొకపెట్రిస్ ప్రతిపాదించిన డొమైను పేర్ల వ్యవస్థతో యంత్రముల పేర్లకు ఒక క్రమము ఏర్పడినది. 1986 జనవరిలో క్రెయిగ్ పార్ట్రిడ్జ్ దానికి తపాలాకు సంబంధించిన వివరణ చేర్చెను. దీని ప్రకారము @ గుర్తునకు తరువాతనున్నది యంత్రపు పేరే కానక్కరలేదు. “ఈ పేరునకు వచ్చు ఉత్తరములను ఫలానా యంత్రము అందుకొనును, అది పనిచేయనిచో ఫలానా రెండవ యంత్రము” అని బహిరంగ పట్టికలో అంకెలతో వ్రాయుదురు. చిన్న అంకె గల యంత్రమును ముందుగా ప్రయత్నింతురు.

ఇట్లు @ గుర్తునకు ఎడమనున్న పేరు మారుపేర్ల పట్టిక వలనను, కుడినున్న పేరు ఈ బహిరంగ పట్టిక వలనను స్వతంత్రమైనవి. ఒక కళాశాల తన యంత్రములన్నింటిని మార్చినను దాని చిరునామాలు మారవు. ఒక పేరుపై వచ్చిన ఉత్తరమును పదిమందికి పంచవచ్చును. పది పేర్లపై వచ్చినదానిని ఒకే పెట్టెలో వేయవచ్చును. ప్రతి మెయిల్ సర్వరునందును “పోస్ట్‌మాస్టర్” అను పేరు తప్పక ఉండవలెనని 1982 నాటి ప్రమాణమే శాసించినది. ఆ పేరుగల మనిషి ఎక్కడను ఉండడు. అది ఒక మారుపేరు. దాని వెనుక ఆ సర్వరునకు బాధ్యత వహించు నిజమైన మనిషి ఉండవలెను. యంత్రము తప్పుచేసినపుడు మొరపెట్టుకొనుటకు ఒక తలుపు తెరచియుండవలెననుటయే దీని ఉద్దేశము.

తిరుగుచునే యుండు ఉత్తరము

రాము ఊరికి పోవుచు తన ఉత్తరములను సీత పెట్టెకు త్రిప్పెననుకొనుడు. సీతయు అదే దినమున తన ఉత్తరములను రాము పెట్టెకు త్రిప్పినది. ఒక ఉత్తరము వచ్చినచో దాని గతి ఏమి? పోస్టుమాను రెండవ తిరుగుటకే గుర్తుపట్టి నవ్వుకొనును. యంత్రము నవ్వదు. రెండు పట్టికలును ఒకే సర్వరులో ఉన్నచో దోషమును కనుగొనుట సులభము. రెండు సర్వర్లలో ఉన్నచో ఏ ఒక్క పట్టికను చూచినను దోషము కానరాదు.

దీనికి కనుగొన్న ఉపాయము తపాలా ముద్రను పోలినది. ప్రతి సర్వరును తన చేతిమీదుగా పోవు ఉత్తరముపై “నాకు అందినది” అని ఒక పంక్తి చేర్చును. ఆ పంక్తులు ఒక పరిమితి దాటినచో, ఉత్తరము వలయములో చిక్కినదని ఎంచి పంపినవారికి త్రిప్పి పంపును. ఆ త్రిప్పి పంపిన ఉత్తరమే మరల వలయములో చిక్కినచో? అందుచే అట్టి ఉత్తరపు కవరుపై పంపినవారి చోటు ఖాళీగా ఉంచుదురు. ఖాళీ చిరునామాకు ఎవరును తిరిగి వ్రాయలేరు గదా!

ఇక్కడ కవరు అనుమాట గమనింపదగినది. ఎలక్ట్రానిక్ ఉత్తరమునకును లోపలి శీర్షిక వేరు, పైకవరు వేరు. సర్వర్లు బట్వాడాకు చూచునది కవరునే. మారుపేరు మార్చునది కవరును. లోపల వ్రాసిన పేరు సాధారణముగా అట్లే ఉండును.

“నేను సెలవులో నున్నాను” అని తనంతతానుగా జవాబిచ్చు ప్రోగ్రామును కూడ ఆల్‌మనే వ్రాసెను. ఇట్టి రెండు ప్రోగ్రాములు ఒకదానికొకటి ఎదురైనచో జవాబులకు అంతముండదు. కావున అది ఒక మనిషికి సాధారణముగా వారమునకు ఒక్కమారే జవాబిచ్చును. పోస్ట్‌మాస్టరు వంటి పేర్లకు అసలే ఇయ్యదు.

పట్టిక ఎవరి చేతిలో?

మారుపేరు వెనుక ఎల్లపుడును మనిషియే ఉండనక్కరలేదు. ఉత్తరమును ఒక ప్రోగ్రామునకు అందింపుమని కూడ పట్టికలో వ్రాయవచ్చును. ఇది బహు ప్రయోజనకరమైన సౌకర్యము. చర్చా బృందముల జాబితాలను నడపు ప్రోగ్రాములు దీనివలననే పనిచేసినవి. కాని ఈ పని చేయు హక్కు పట్టికకు అధికారియైన వానికి మాత్రమే ఉండవలెను.

సెండ్‌మెయిల్‌లో దోషములు వెదకుటకై డీబగ్ అను ఆదేశమును ఉంచినారు. దానిని ప్రయోగించినచో బయటివారెవరైనను చిరునామా స్థానమున నేరుగా ఆదేశములనే పంపవచ్చును. అవి ఆ యంత్రముపై అమలగును. అనేక యంత్రములలో ఈ ద్వారము తెరచియే ఉండెను. 1988 నవంబరు 2న రాబర్ట్ టి. మోరిస్ అను కార్నెల్ విశ్వవిద్యాలయపు విద్యార్థి, తనను తాను నకలు చేసికొను ప్రోగ్రామును వలలోనికి వదలెను. అది ప్రవేశించుటకు వాడుకొన్న ద్వారములలో ఇది ఒకటి. సుమారు 6,000 యంత్రములు దాని వాత పడినవని ఆనాటి అంచనా. ఇది జరిగిన కొలది దినములకే అమెరికా రక్షణ పరిశోధనా సంస్థ కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో ఇట్టి ఆపదల నెదుర్కొనుటకు ఒక కేంద్రమును నెలకొల్పినది.

మరొక ద్వారము సద్భావముతో తెరచినది. తొలినాళ్లలో ఏ సర్వరైనను ఎవరి ఉత్తరమునైనను అందుకొని ముందునకు పంపెడిది. ఇది బాటసారికి మంచినీళ్లిచ్చిన వంటి మర్యాద. 1990 దశాబ్దములో ప్రకటనల ఉత్తరములను లక్షలకొలది కుమ్మరించువారు ఈ మర్యాదను వాడుకొనిరి. ఫలితముగా 1998లో వెలువడిన సెండ్‌మెయిల్ 8.9లో ఆ తలుపును మూసియే ఉంచినారు; తెరువదలచినవారు ప్రత్యేకముగా సూత్రము వ్రాసికొనవలెను. అదే సంవత్సరమున ఐ.బి.ఎం. సంస్థలో వీట్స వెనెమా రూపొందించిన పోస్ట్‌ఫిక్స్ వెలువడినది. అందు పనులన్నియు ఒకే ప్రోగ్రాము చేయక, చిన్న చిన్న ప్రోగ్రాములు పరిమితమైన అధికారములతో పంచుకొనినవి. సూత్రములను కూడ మనిషి చదువుకొనదగిన పట్టికలుగా వ్రాసిరి.

ఉత్తరములను త్రిప్పి పంపు పనికి తరువాత మరొక ఆటంకము వచ్చినది. ఒక పేరుతో ఉత్తరములు పంపుటకు ఏ యంత్రములకు అధికారము కలదో బహిరంగముగా ప్రకటించు ఎస్.పి.ఎఫ్. అను పద్ధతిని 2006లో ప్రయోగాత్మక పత్రముగా ప్రచురించిరి. దొంగ ఉత్తరములను పట్టుకొనుటకు ఇది మంచిదే. కాని మారుపేరుపై త్రిప్పి పంపు సర్వరు ఆ జాబితాలో ఉండదు. అందుచే దాని చేతిమీదుగా వచ్చిన న్యాయమైన ఉత్తరమును కూడ దొంగదిగా ఎంచవచ్చును. ఈ చిక్కును కొంత తగ్గించునట్టి, ఉత్తరముపైననే సంతకము చేయు డీకిమ్ అను పద్ధతి 2007లో ప్రమాణమైనది. చేతులు మారినను ఉత్తరమును మార్చనంతవరకు ఆ సంతకము చెల్లును.

మన దేశము, మన లిపి

మన దేశమున విద్యాసంస్థలను కలిపిన ఎర్నెట్ 1986లో ప్రారంభమైనది. భారత ప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖయు, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమమును దీనికి తోడ్పడినవి. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, ఐదు ఐ.ఐ.టి.లు మొదలగునవి ఇందు తొలుత పాల్గొన్నవి.

చిరునామా రోమను లిపిలోనే ఉండవలెనను నిర్బంధము మాత్రము చాలకాలము నిలిచినది. తెలుగులో .భారత్ అను దేశపు గుర్తునకు 2011లో ఆమోదము లభించినది. @ గుర్తునకు రెండు ప్రక్కలను ఏ లిపియైనను వాడుకొనదగిన ప్రమాణపత్రములు 2012లో వెలువడినవి. ఐతే దారిలోని సర్వరు ఈ క్రొత్త పద్ధతిని ఎరుగనిచో తెలుగు చిరునామాగల ఉత్తరమును అది తీసికొనజాలదు. కావున తెలుగు చిరునామాకు తోడుగా రోమను లిపిలో ఒక మారుపేరును ఉంచుకొనుట ఉత్తమము. రెండు పేర్లకును పెట్టె ఒక్కటే.

తెలుగు లిపిలో ఒక విశేషము కూడ కలదు. “కై” అను అక్షరమునందలి ఐత్వమును యూనికోడ్ పద్ధతిలో ఒకే సంకేతముగా వ్రాయవచ్చును. ఎత్వము, దాని క్రింది గుర్తు అను రెండు సంకేతములుగను వ్రాయవచ్చును. కంటికి రెండును ఒక్కటే. సంకేతములను మాత్రమే పోల్చి చూచు పట్టికకు మాత్రము అవి రెండు వేరు పేర్లు! “కైలాసము” అను పేరుగల మనిషికి ఉత్తరము చేరునో చేరదో, ఆ సర్వరు ముందుగా రెండు రూపములను ఒకటిగా మార్చుకొనుటపై ఆధారపడియుండును. బర్క్‌లీలో నాడు తలయెత్తిన ప్రశ్నయే నేడు మన లిపిలో మన ముందుకు వచ్చినది: వేరువేరుగా వ్రాసినవి ఒకే చిరునామాయా, కాదా?

ఈ చరిత్రయందు పట్టికలోని ఒక్క పంక్తి ఉత్తరమును సరియైన చేతికి చేర్చుటయు చూచితిమి. దానిని అంతులేని వలయములో త్రిప్పుటయు, పరాయి చేతికి యంత్రమునే అప్పగించుటయు చూచితిమి. ఉత్తరమును పంపువాడు ఆ పంక్తిని ఎన్నడును చూడడు; నమ్మును, అంతే. పాఠశాలలోగాని కార్యాలయములోగాని మెయిల్ సర్వరును చూచుకొను భారము నేటి విద్యార్థులలో కొందరికి రేపు తప్పదు. ఉద్యోగము విడిచిపోయినవారి పేర్లు పట్టికలో ఇంకను ఉన్నవా, ఒక పేరుపై వచ్చినది ఎవరెవరికి పోవుచున్నది, పోస్ట్‌మాస్టరు పేరున వచ్చిన ఉత్తరమును నిజముగా ఎవరైనను చదువుచున్నారా — ఈ మూడు ప్రశ్నలను వారు అప్పుడప్పుడు వేసికొనవలెను. వీనికి జవాబు చెప్పగల మనిషి ఒకడు ఉన్నచోటనే ఉత్తరములు భద్రముగా చేరును.